మావయ్యగారి పుస్తకానికి సెలోటేపు అంటించేశాను, ఇప్పుడేం చేయాలి?

నరసాపురం దగ్గరి ఊరి నుంచి ఒకావిడ నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు. సంగతి క్లుప్తంగా ఇదీ.

ఆవిడ మావయ్యగారు వయసులో ఉన్నప్పుడు లంక గ్రామాల్లో పద్యనాటకాలు వేసేవారు. కృష్ణుడి వేషానికి ఆ చుట్టుపక్కల పెట్టింది పేరు. 1986 ఆగస్టులో గోదావరి పొంగి లంకలు మునిగినప్పుడు వాళ్ళ ఇల్లూ మునిగింది. నీళ్ళు తీశాక ట్రంకు పెట్టె తెరిస్తే, లోపలున్న నాటకాల పుస్తకాలన్నీ ఒకదానికొకటి కరుచుకుని మట్టి ఇటుకల్లా బయటికొచ్చాయి. ఆయన మళ్ళీ ఆ పుస్తకాలు కొనుక్కోలేదు, ముఖానికి రంగూ వేసుకోలేదు. అత్తగారు పోయాక లంకలో ఇల్లు వదిలి కొడుకు దగ్గరికి వచ్చేశారు. వచ్చే కార్తీకంలో ఆయనకి ఎనభై నిండుతాయి.

మొన్న శ్రావణంలో ఈవిడ రాజమండ్రి వెళ్ళినప్పుడు ఒక పాత పుస్తకాల కొట్టులో, డిగ్రీ గైడ్ల కట్టల కింద, ఆయన కృష్ణుడి వేషం వేసిన నాటకమే కనబడింది. మావయ్యగారు ఎప్పుడూ చెప్పే ఆకుపచ్చ అట్ట. అరవై రూపాయలిచ్చి తెచ్చేసుకున్నారు. క్రౌన్ సైజు, 96 పేజీలు. అట్ట వెన్ను దగ్గర చిరిగి సగం వేలాడుతోంది. కుట్టు దారం ఎప్పుడో పుచ్చిపోతే, ఎవరో పక్కనుంచి రెండు ఇనుప పిన్నులు కొట్టారు. అవి తుప్పు పట్టి కాగితాన్ని తినేశాయి. 33, 34 పేజీలున్న కాగితం లేదు. 47, 48 ఊడి చేతికొచ్చింది. అక్కడక్కడ పురుగు రంధ్రాలు, పుస్తకమంతా ముక్కవాసన. మార్జిన్లలో మాత్రం పెన్సిల్‌తో ఎవరివో రాతలు: ‘మోహన’, ‘ఇక్కడ ఊపిరి’, ‘తొందర వద్దు’. మూడు నాలుగు పద్యాల పక్కన రెండు గీతలు గీసి ‘వ.మో.’ అని ఉందట. అదేమిటో తెలియలేదన్నారు.

ఇంటికి తెచ్చిన రోజు రాత్రే, ఉత్సాహంలో, చిరిగిన మూడు పేజీలకి సెలోటేపు అంటించేశారు. మర్నాడు బాగా లేదనిపించి ఒకటి లాగితే, పద్యంలో రెండక్షరాలు టేపుతో పాటు లేచొచ్చాయి. ఆ భయంతో పుస్తకాన్ని మూడు వారాలుగా బీరువాలో చీరల మధ్య దాచారు. భర్త ఏమో భీమవరంలో బైండరుకి ఇస్తే అంచులు కట్ చేసి రెక్సిన్ అట్ట వేసి కొత్తదానిలా ఇస్తాడు, ఆ పెన్సిల్ పిచ్చిరాతలు రబ్బరుతో తుడిచెయ్ అంటున్నారు. ఆడపడుచు ‘ఎవరింటి బూజో మనింటికి తెచ్చావు, పిల్లల పుస్తకాలకి పురుగు పడుతుంది’ అంటోంది. మరిది ఫోన్లో వెతికితే దొరుకుతుంది, ప్రింటు తీసి ఇచ్చేద్దాం వదినా అంటున్నాడు. ‘అందరికీ ఇది నవ్వులాటగా ఉంది. అరవై రూపాయల పుస్తకానికి ఇంత టెన్షన్ పడాలా? లేసు అల్లడం తప్ప నాకు ఏ పనీ రాదు, దీన్ని ఇంట్లో నేను బాగుచేయగలనా?’ అని అడిగారు.

ముందు ఆ టేపు సంగతి చూద్దామండీ, మీకు నిద్ర పట్టనివ్వనిది అదే కాబట్టి.

మీరొక్కరే చేసిన పని కాదది. నేను ఇంటర్ చదివే రోజుల్లో మా తాతగారి వైద్యం పుస్తకం వెన్నులోకి చెక్కపనికి వాడే తెల్ల జిగురు సగం సీసా పోశాను. ఎండి రాయిలా బిగిసింది. ఓ రోజు తాతగారు మధ్యలో తెరవబోతే టప్పున రెండు ముక్కలైంది, ఇప్పటికీ రెండు ముక్కలే. అందులోనే నాలుగు పేజీలకి టేపు కూడా వేశాను. పదేళ్ళు తిరగకుండానే పైనున్న ప్లాస్టిక్ ఎండి రాలిపోయింది, కింద తేనెరంగు మరక ఉండిపోయింది. ఆ మరక పక్క పేజీకి కూడా దిగింది. టేపుతో చిక్కు అక్కడే. మొదటి రోజు బాగానే కనిపిస్తుంది, దాని జిగురు నెమ్మదిగా కాగితంలోకి ఇంకిపోతుంది.

మీది మూడు వారాల టేపు. ఇంకా ఇంకి ఉండదు. మిగిలిన రెండింటిలో అక్షరాల మీద లేకుండా అంచున ఉన్నదాన్ని ముందు చూడండి. హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిలో పెట్టి, జానెడు దూరంనుంచి కాసేపు గాలి తగలనిచ్చి, గోరుతో ఒక మూల లేపండి. పైకి లాగకూడదు. టేపుని దాని మీదకే వెనక్కి మడిచి, కాగితానికి దాదాపు ఆనించినట్టు, చీమ నడిచినంత నెమ్మదిగా తీయాలి. కాగితం పీచు లేస్తున్నట్టు కనిపిస్తే అక్కడే ఆపేయండి. అక్షరాల మీద ఉన్న టేపు జోలికి మాత్రం పోవద్దు. దాని మీద బటర్ పేపరు ముక్క ఒకటి పెట్టి ఉంచితే జిగురు పక్క పేజీకి అంటదు. కొన్నేళ్ళకి అక్కడ పచ్చబడుతుంది, పడనివ్వండి. పెట్రోలు, థిన్నరు పూస్తే వస్తుందని ఎవరైనా చెబితే వినకండి, అచ్చు సిరా కూడా దాంతోపాటే కదులుతుంది. లేచిపోయిన ఆ రెండక్షరాలని పెన్నుతో దిద్దాలని చూడకండి. ఆ పద్యం చదివే మనిషికి ఆ రెండక్షరాలు కంఠతా వచ్చు కదా.

ఇక ఇంట్లోవాళ్ళ మాటలు. మిమ్మల్ని ఆటపట్టిస్తున్నారు నిజమే, కానీ ముగ్గురి మాటలోనూ పనికొచ్చేది కొంత ఉంది.

మీ ఆడపడుచు చెప్పింది సగం నిజం. పురుగు రంధ్రాలున్న పాత పుస్తకాన్ని తెచ్చి నేరుగా మిగతా పుస్తకాల పక్కన పెట్టకూడదు, చీరల మధ్య అసలే పెట్టకూడదు. ఆవిడ మీద కోపంతోనైనా సరే, ఈ రోజే దాన్ని బీరువాలోంచి తీయండి. నీడలో, ఫ్యాను కింద, పేజీలు విసనకర్రలా విచ్చుకునేట్టు నిలబెట్టి రెండు రోజులు ఆరనివ్వండి. ఎండలో వద్దు, కాగితం వంకర్లు పోతుంది, ఇంకా పెళుసవుతుంది. బాగా ఆరాక ముక్కుకి గుడ్డ కట్టుకుని, అరుగు మీద కూర్చుని, పిల్లల డ్రాయింగు బ్రష్షు మెత్తటిది తీసుకుని లోపలి మడతనుంచి బయటికి ఒక్కో పేజీ దులపండి. తడిగుడ్డతో తుడిస్తే బూజు చెరగదు, కాగితంలోకి పూసుకుంటుంది.

పురుగు ఇంకా బతికుందేమోనని అనుమానముంటే ఒక మంచి ఉపాయముంది. పుస్తకాన్ని పాలిథిన్ కవర్లో పెట్టి, గాలంతా నొక్కి తీసేసి, మూతి గట్టిగా అంటించి ఫ్రిజ్‌లో పై గడిలో, అంటే ఐసు కట్టే ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచండి. పురుగూ గుడ్లూ చస్తాయి. బయటికి తీశాక ఒక రోజంతా కవరు విప్పకూడదు, విప్పితే చల్లటి కాగితం మీద నీళ్ళు పడతాయి, చెమట పట్టిన గ్లాసులా. మీ ఫ్రీజర్లో రొయ్యలున్నాయో చేపలున్నాయో నాకు తెలియదు గానీ, భీమవరం వైపు ఇళ్ళ సంగతి తెలుసు కాబట్టి రెండు కవర్లు వేయమంటాను. బూజు మాత్రం చలికి చావదు, అది ఆరబెట్టడంతోనే లొంగుతుంది.

మీవారి మాట. బైండరు దగ్గర చేయిస్తే పుస్తకం గట్టిగా ఉంటుందన్నది నిజం. రోజూ చేతిలో పట్టుకుని చదివే మనిషికి గట్టి అట్ట సుఖమే. కానీ అంచుల కట్టింగ్ దగ్గర నేను ఒప్పుకోను. పాత క్రౌన్ సైజు పుస్తకంలో మార్జిన్ వేలెడు కూడా ఉండదు. మూడు పక్కలా మిషను కత్తి పడితే పేజీ చిన్నదవుతుంది, ఆ పెన్సిల్ రాతలు సగానికి తెగుతాయి. ‘ఇక్కడ ఊపిరి’ కాస్తా ‘ఇక్కడ ఊ’ అవుతుంది.

ఆ రాతల గురించి ఇంకొక్క మాట. ‘వ.మో.’ అంటే ‘వన్స్ మోర్’ అనే నాకు తోస్తోంది. పద్యనాటకం చూసినవాళ్ళెవరికైనా ఆ కేక తెలుసు. పద్యం రాగమెత్తి బాగా పాడితే జనం వన్స్ మోర్ అని అరుస్తారు, కృష్ణుడైనా దుర్యోధనుడైనా కథ ఆపి ఆ పద్యం మళ్ళీ పాడాల్సిందే. అంటే మీ చేతిలో ఉన్నది ఎవరో నటుడు సాధన చేసిన పుస్తకం. ఏ పద్యానికి జనం లేస్తారో, ఎక్కడ గొంతు దాచుకోవాలో గుర్తులు పెట్టుకున్నాడు. మీ మావయ్యగారి పుస్తకంలోనూ ఇలాంటి గుర్తులే ఉండి ఉంటాయి, అవి వరదలో పోయాయి. ఇంకో కృష్ణుడి గుర్తులు చూసి ఆయన ముచ్చటపడొచ్చు, ‘ఈ పద్యానికి మోహన రాగమేమిటి, వీడి మొహం’ అని తిట్టుకోవచ్చు కూడా. ఆ తిట్టుకునే అవకాశం రబ్బరుతో చెరిపేయొద్దని నా మాట. పైగా ఇంత పాత కాగితం మీద రబ్బరు రుద్దితే పెన్సిల్ గీతకన్నా ముందు కాగితమే చెరుగుతుంది.

మీ మరిది మాట కూడా కొట్టిపారేయకండి. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇప్పుడు మీ ముందున్న దార్లు. బైండరుకే ఇవ్వాలనుకుంటే ఇవ్వండి, కానీ కట్టింగ్ వద్దు, పక్కనుంచి కుట్టొద్దు, ఫారం (ఒకదానిలో ఒకటి మడిచి పెట్టిన కాగితాల కట్ట) మడత మధ్యలోంచి కుట్టమని ముందే చెప్పండి. పక్కకుట్టు వేస్తే పుస్తకం పూర్తిగా తెరుచుకోదు, బలవంతంగా తెరిస్తే పెళుసు కాగితం కుట్టు వెంటే విరుగుతుంది. చాలామంది బైండర్లకి ఆఫీసు రిజిస్టర్లు, లెడ్జర్ల అలవాటు. మాట తలూపి విని చేయి అలవాటు ప్రకారం చేసేస్తుంది. పక్కన నిలబడి చేయించుకోగలిగితేనే ఆ దారి. రెండోది మీరే చేసుకోవడం. దానికి నాలుగైదు మధ్యాహ్నాలు, ఓపిక కావాలి, అక్కడక్కడ అతుకు కనిపిస్తుంది. మూడోది అసలేమీ చేయకపోవడం. తాళపత్రాలని రెండు చెక్కల మధ్య పెట్టి గుడ్డలో చుట్టేవారు చూడండి, అలా రెండు అట్టముక్కల మధ్య పెట్టి ఉతికిన పాత పంచె గుడ్డలో చుట్టి, చదువుకోవడానికి మాత్రం పెద్దక్షరాల జెరాక్స్ తీసివ్వడం. పుస్తకానికి ఇదే అన్నిటికన్నా క్షేమం. ఎనభై ఏళ్ళ కళ్ళకి పెద్దక్షరాలు నిజంగా ఉపకారం. కాకపోతే జెరాక్స్ చేతికిచ్చి పుస్తకాన్ని మూటలో పెడితే, నలభై ఏళ్ళ క్రితం పోయింది దొరికినట్టు ఆయనకి అనిపిస్తుందా అన్నది మీకే తెలియాలి.

నన్నడిగితే రెండో దారికే మొగ్గుతాను. ‘లేసు అల్లడం తప్ప ఏమీ రాదు’ అని మీరు రాసిన వాక్యం చదివి నవ్వొచ్చింది. నరసాపురం లేసు అల్లే చేతికి ఆరు ఫారాలు కుట్టడం ఏపాటి?

ఏ పని మొదలెట్టకముందే ఫోన్తో ప్రతి పేజీ ఫొటో తీసి ఉంచుకోండి, అట్టతో సహా. ఏం తేడా వచ్చినా అక్షరమైనా మిగులుతుంది.

తర్వాత పిన్నులు. వెనక్కి తిప్పి చూస్తే పిన్ను కాళ్ళు మడిచి ఉంటాయి. ఆ కాళ్ళ కింద కాగితం మీద పాత ఫోన్ రీచార్జి కార్డులాంటి పల్చటి ప్లాస్టిక్ ముక్క జొనిపి, చిన్న స్క్రూడ్రైవరుతో కాళ్ళు లేపి నిటారుగా చేయండి. అప్పుడు ముందువైపునుంచి మెల్లగా లాగితే వచ్చేస్తుంది. తుప్పు కాగితానికి అతుక్కుపోయి ఉంటే అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పండి. తుప్పు మరకకి నిమ్మకాయ రాయాలనిపిస్తుంది, బట్టలకి రాస్తాం కాబట్టి. కాగితానికి ఆ పులుపు విషం. ఇప్పటికే ఆ కాలం నాటి చౌక కాగితం చెక్కగుజ్జుతో, పటిక కలిపి చేసింది. ఏళ్ళు గడిచేకొద్దీ అందులో ఆమ్లం పెరిగే అంచులు గోధుమరంగుకి తిరిగి పెళుసవుతాయి. దానికి మనం ఇంకా నిమ్మరసం పోయక్కర్లేదు. మరక ఉండనీయండి.

జిగురు మీ వంటింట్లోనే తయారవుతుంది. గోధుమ హల్వాకి పాలు తీస్తాం కదా, అదే పద్ధతి. గుప్పెడు మైదా గట్టిగా కలిపి, అరగంట నానబెట్టి, గిన్నె నీళ్ళలో ముద్దని పిసుకుతూ ఉంటే నీళ్ళు పాలలా తెల్లబడతాయి, చేతిలో రబ్బరులాంటి ముద్ద మిగులుతుంది. ఆ ముద్ద మనకి వద్దు. ఆ పాలు కొన్ని గంటలు కదపకుండా ఉంచితే పిండి అడుక్కి దిగుతుంది. పైన తేట వంచేసి, పిండి ఒక చెంచా అయితే నీళ్ళు ఐదు చెంచాలు పోసి, సన్నటి మంట మీద చేయి ఆపకుండా కలపండి. తెల్లదనం పోయి గాజులా మెరుస్తూ చిక్కబడుతుంది. దించి, చల్లారాక పల్చటి గుడ్డలో వడకట్టి, మీగడ చిక్కదనానికి వచ్చేట్టు నీళ్ళు కలుపుకోండి. ఇంత ఓపిక లేకపోతే నేరుగా మైదా ఉడకబెట్టినా నడుస్తుంది, కొంచెం ముతకగా ఉంటుంది, అంతే. ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఉంటుంది, వాసనొస్తే పారేయాలి. పాత బైండర్లు పురుగు పట్టకుండా లైలో, అంటే పిండి జిగురులో, మైలుతుత్తం కలిపేవారు. అది విషం, పిల్లలున్న ఇంట్లో వద్దు, కాగితానికీ మంచిది కాదు. ఈ జిగురు గొప్పదనం ఏమిటంటే, రేపు ఎవరికైనా మన అతుకు నచ్చకపోతే తడి చేసి ఊడదీసుకోవచ్చు. తెల్ల జిగురుతో ఆ వీలు లేదు, మా తాతగారి పుస్తకమే సాక్ష్యం.

అతుక్కి జపనీస్ టిష్యూ అని పల్చటి పీచు కాగితం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ఒకటి రెండు షీట్లు చాలు. ట్రేసింగు పేపరు వాడకండి, బిరుసుగా ఉండి ఎండాక పక్కన ముడతలు పెడుతుంది. టిష్యూని కత్తెరతో కత్తిరించకూడదు. తడి బ్రష్షుతో గీత గీసి, ఆ గీత వెంట చేత్తో లాగితే అంచున పీచులు లేచి ఉంటాయి. ఆ పీచులే కాగితంలో కలిసిపోయి అతుకు కనబడనివ్వవు. చిరుగుని ముందు దగ్గరగా చూడండి. చాలాసార్లు చిరిగినచోట ఒక అంచు మీదకి ఇంకో అంచు వచ్చేట్టు ఏటవాలుగా చిరుగుతుంది. ఆ రెండు అంచుల మధ్య కొంచెం జిగురు రాసి కలిపితే టిష్యూతో పనే ఉండదు. లేదంటే వేలెడు పొడుగు టిష్యూకి జిగురు పూసి, చిరుగు మీద వేసి, పైనా కిందా బటర్ పేపరు, దాని మీద తెల్ల గుడ్డ, ఆపైన బరువు. పొత్రం ఉంటే పొత్రం, లేకపోతే కాగితం చుట్టిన ఇటుక.

తడి తగిలించేముందు ఒక పరీక్ష మాత్రం తప్పదు. అట్ట లోపల ఎవరైనా పెన్ను సిరాతో సంతకం చేసి ఉంటే, తడిసిన దూది కొసతో ఒక్క చుక్క చూడండి. రంగు దూదికి అంటితే అక్కడ జిగురు పని వద్దు. పెన్సిల్‌కి ఆ భయం లేదు.

మొదటి అతుకు పద్యం ఉన్న పేజీలో వేయకండి. చివరి అట్ట లోపలి ప్రకటనల పేజీ ఉంటుందిగా, దాంట్లో చిన్న చిరుగు చూసి అక్కడ చేయి తిప్పుకోండి.

ఎప్పుడు చేయాలన్నది కూడా చెప్పాలి. మన వైపు అక్టోబరు, నవంబరు అంటే వాయుగుండాల కాలం. ముసురు పట్టిన రోజు జిగురు పని పెట్టుకుంటే రెండు రోజులైనా ఆరదు, ఆరని జిగురుకి బూజు ఇంటి చుట్టం. సముద్రం దగ్గర కాబట్టి మీకు గాలిలోనే చెమ్మ. రెండు మూడు పొడి రోజులు వరసగా దొరికినప్పుడే ఆ పని చేసి, మిగతా రోజుల్లో దులపడం, కుట్టడంలాంటి పొడి పనులు పెట్టుకోండి.

ఇక ఊడిన కాగితం. 33 లేదు, 47 ఊడింది అన్నారు. ఆ రెండూ అన్నదమ్ములు. ఆ పుస్తకం ఫారానికి 16 పేజీల చొప్పున ఆరు ఫారాలు. మూడో ఫారం 33తో మొదలై 48తో ముగుస్తుంది. అన్నిటికన్నా బయట ఉండే మడత కాగితానికి ఒక సగం 33, 34 అయితే రెండో సగం 47, 48. ఒకటి పోయింది కాబట్టే రెండోది పట్టు లేక ఊడింది. అందుకే 47ని ఒంటరిగా అంటిస్తే మళ్ళీ ఊడుతుంది. కొత్తగా 33, 34 కాగితం ఒకటి చేసి, ఆ రెండింటినీ అంగుళం వెడల్పు టిష్యూతో మధ్యలో కలిపి మళ్ళీ ఒక మడత కాగితం చేయాలి. దాన్ని ఫారం పైన తొడిగి కుట్టేయాలి.

ఆ కొత్త కాగితం కోసమే మీ మరిది కావాలి. పాత తెలుగు పుస్తకాల స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వేలకొద్దీ ఉన్నాయి, మీ నాటకం ఉందేమో వెతకమనండి. అక్కడ లేకపోతే రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం ఉంది, వెళ్ళి అడిగి చూడొచ్చు. దొరికితే ఆ రెండు పేజీలు ఒక కాగితానికి రెండువైపులా లేజర్ ప్రింటు తీయించండి. ఇంక్‌జెట్ అయితే జిగురు తడికి సిరా పాకుతుంది. ఏ-ఫోర్ కాగితాన్ని నిలువుగా పెట్టే కత్తిరించండి, అడ్డంగా తిప్పితే పీచు ఎదురు తిరిగి పేజీ బిర్రబిగుసుకుంటుంది. మరీ తెల్లటిది కాకుండా కొంచెం గోధుమఛాయ ఉన్న కాగితమైతే కళ్ళకి కొట్టదు.

కుట్టుకి నైలాన్ దారం వద్దు, పాత కాగితాన్ని కత్తిలా కోస్తుంది. మీ లేసు నూలే తీసుకుని కొవ్వొత్తి మీద రెండుసార్లు లాగితే చిక్కు పడదు. పాత కుట్టు రంధ్రాలు మడతలో కనిపిస్తాయి, కొత్తవి పొడవకుండా వాటిలోంచే పోనీయండి. ఒక ఫారం కుట్టి దాని మీద రెండోది పెట్టి, కొస దగ్గర కింది కుట్టులోకి సూది దూర్చి పైకి రావాలి. లేసులో ఒక వరసని కింది వరసకి ఎలా తగిలిస్తారో అలాగే. దారం బిగించేటప్పుడు మడత వెంట లాగండి, అడ్డంగా లాగితే కాగితం చీరుకుపోతుంది. అలాగని మరీ బిగించకండి. కుట్టాక వెన్నుకి పల్చటి మల్లు గుడ్డ అదే జిగురుతో అంటించి, ఆకుపచ్చ అట్టని దాని మీదే తిరిగి వేయండి. చిరిగిన అట్ట చాటున లోపల కొత్త అట్టముక్క పెట్టి బలం ఇవ్వొచ్చు. రెక్సిన్ వేయాలని మీవారికి బాగా ఉంటే ఆ రెక్సిన్‌తో పుస్తకం పెట్టుకునే చిన్న సంచి కుట్టించమనండి, ఆయన మాటా నెగ్గినట్టుంటుంది.

తర్వాత దాన్ని ప్లాస్టిక్ కవర్లో మూసేయకండి, చెమ్మ లోపలే ఉండిపోతుంది. కలరా ఉండలు వేసినా పుస్తకానికి తగలకుండా దూరంగా పెట్టండి. బయటి గోడకి ఆనించిన అరలో వద్దు.

మిగిలింది మావయ్యగారికి ముందే చెప్పాలా వద్దా అన్నది. మీరు ఉత్తరంలో ఆ మాట అడగలేదు, కానీ నాలుగు పేజీల్లో మూడుసార్లు ‘ఆయనకి తెలియకుండా’ అని రాశారు. దాచి కార్తీకంలో చేతికిస్తే ఆ క్షణం చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆ ఇంట్లో మధ్యాహ్నం పూట ఖాళీగా కూర్చునే మనిషి ఆయనొక్కరే అని కూడా మీరే రాశారు. ముందే చూపిస్తే ఆశ్చర్యం పోతుంది. చిరిగిన పుస్తకం చూసి వరద రోజులు గుర్తొచ్చి మనసు పాడవ్వచ్చు కూడా. కాకపోతే మీరు టిష్యూ అంటిస్తుంటే పక్కన కూర్చుని ఆ ‘మోహన’ సంగతి తేల్చే మనిషి దొరుకుతాడు. మీకు ఆయన మనసు తెలుసు, నాకు తెలియదు. అత్తగారు పోయాక ఆయన పద్యం అందుకోవడం మానేశారా, లేక అప్పుడప్పుడు స్నానాల గదిలోనైనా వినిపిస్తుందా? వినిపిస్తుంటే ముందే చూపించమంటాను.

అలా చూపిస్తే ఆ 33, 34 పేజీలకి ఇంకో దారి కూడా ఉంది. ప్రింటు తీయకుండా, అక్కడున్న పద్యాలు ఆయన్నే రాయమనొచ్చు. చాలామంది పాత నటులకి నాటకం మొత్తం నోటికే ఉంటుంది. రాసింది అచ్చుతో అక్షరం అక్షరం కలవకపోవచ్చు. మధ్యలో ఒక పాదం గుర్తు రాకపోతే ఆయనకి కష్టంగా ఉంటుంది. అందుకని స్కాన్ దొరికితే దాని ప్రింటు ఒకటి మీ దగ్గర పెట్టుకోండి, అడిగితే అందించండి, అడక్కపోతే చూపించకండి. పెన్ను కాకుండా పెన్సిల్ ఇవ్వండి, తడికి పాకదు, మిగతా మార్జిన్లతోనూ కలుస్తుంది. తెల్ల కాగితాన్ని మాత్రం ముందే పుస్తకంలో కుట్టేయకండి. విడి కాగితాలు నాలుగు కత్తిరించి పెట్టుకుని, వాటిలో ఒకటి ఇచ్చి రాయించండి. ఎనభై ఏళ్ళ చేయి వణకొచ్చు, కొట్టివేతలు పడొచ్చు, ఇంకోటి ఇమ్మని ఆయనే అడగొచ్చు.